బల్బు ఎలక్ట్రాన్లను తినదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. మూడో పేజీలో మాత్రం ‘తీగలో బయలుదేరిన ఎలక్ట్రాన్లలో కొన్ని బల్బులోనే కరిగి వెలుగవుతాయి, మిగిలినవి నీరసించి ఇంటిదారి పడతాయి’ అని రాశావు. ఆ వాక్యం చెవికి ఇంపుగా ఉంది కనుకనే నాకు కోపం వచ్చింది. మొరటుగా రాసిన తప్పును పాఠకుడు పట్టించుకోడు. ఇంపుగా రాసింది మనసులో పాతుకుపోతుంది, ఆ తరవాత పదో తరగతికి పాఠం చెప్పే మాస్టారు దాన్ని పెకలించలేక అవస్థ పడతారు.

బల్బులో ఒక్క ఎలక్ట్రాను కూడా కరగదు. బ్యాటరీకీ బల్బుకూ మధ్య కరెంటును కొలిచే అమ్మీటరు ఒకటి, బల్బు దాటాక మరొకటి పెట్టి చూడు, రెండు ముళ్ళూ ఒకే అంకె మీద నిలుస్తాయి. ఒక ఆంపియరు అంటే సెకనుకు సుమారు 62,000 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు. కరగడం మాట అటుంచి, వాటిలో లక్షకు ఒక్కటి చొప్పున బల్బులో నిలిచిపోతుందనుకుందాం. బల్బును 3 సెంటీమీటర్ల వ్యాసార్థం గల గోళంగా తీసుకుని లెక్క వేస్తే, ఒక్క సెకనులో దాని పొటెన్షియల్ 30 లక్షల వోల్టులకు చేరాలి. అంతకు ఎంతో ముందే చుట్టూ ఉన్న గాలిలో మెరుపులు రేగుతాయి. అలాంటిదేమీ జరగకుండా బల్బు వెలుగుతోందంటే, ఎలక్ట్రాన్లు మోసే విద్యుత్ ఆవేశం (చార్జి) లోపలికి వెళ్ళిందీ బయటికి వచ్చిందీ అంత కచ్చితంగా సరిపోతున్నాయన్న మాట.

ఆ పేజీలోనే మీ అమ్మమ్మగారు కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని అడిగిన మాట ఉంది: ‘పోయిన కరెంటు పోయినట్టే తిరిగొస్తుంటే మనం డబ్బులు దేనికి కడుతున్నామే?’ నీ వ్యాసంలో నన్ను కదిలించింది ఆ మాట. ఇంత సూటి ప్రశ్న నా తరగతిలో ఎవరూ అడగలేదు. నువ్వు ఆవిడకు సమాధానం చెప్పకుండా దీపాల వర్ణనలోకి వెళ్ళిపోయావు. మనం కట్టేది ఆవేశానికి కాదు, శక్తికి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి బయలుదేరిన ప్రతి కూలుంబు (ఒక ఆంపియరు కరెంటు సెకనులో మోసేంత) ఆవేశమూ సర్క్యూట్‌లో 12 జౌళ్ళ శక్తిని విడిచిపెట్టి, తాను మాత్రం చెక్కుచెదరకుండా బ్యాటరీకి చేరుతుంది. ఇంటి మీటరు లెక్కపెట్టేది ఆ శక్తినే. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. ఇంటి కరెంటు దిశ మారుతూ ఉంటుంది కనుక అందులోనైతే ఎలక్ట్రాన్లు ఊళ్ళు దాటి రావడమంటూ లేదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగలో ఒక ఆంపియరు ప్రవహిస్తున్నప్పుడు అవి సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, ఆ ఊగు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇది వింటే మీ అమ్మమ్మగారు తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారు, దాన్ని కూడా రాయి.

నిన్ను దారి తప్పించింది నీళ్ళట్యాంకు. ట్యాంకు, పైపు, కుళాయి అంటూ రెండు పేజీలు నడిపావు. కుళాయి తిప్పితే నీరు బయటికి పోతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంది. అందుకే నీ ఎలక్ట్రాన్లు కూడా బల్బు దగ్గర తరిగిపోయాయి. సైన్సు రాసేవాళ్ళు కొలతతో మొదలుపెట్టాలి, పోలికతో కాదు. ఈ పట్టుదల వల్ల నేను చాలా పోగొట్టుకున్నాను. అంకె కనబడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని గట్టిగా నమ్మిన సంపాదకుల కాలంలో రాయడం మొదలుపెట్టాను. ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలోని ఆంపియర్లన్నీ కొట్టేసి, ‘కరెంటు జీవనదిలా ప్రవహిస్తుంది’ అనే మాట తానే చేర్చి నా పేరుతో అచ్చువేశారు. తరవాతి వ్యాసం ‘కథలా రాయండి’ అన్న చీటీతో తిరిగొచ్చింది. జీతం చాలని రోజులు, ఆ పారితోషికం మీద ఇంట్లో ఆశ పెట్టుకున్నాం. అయినా అంకెలు తీయలేదు. ఎకరాకు ఎన్ని బస్తాలు, గ్రాముకు ఎన్ని రూపాయలు అని రోజూ లెక్క చూసుకునే తెలుగువాళ్ళకు అంకెలంటే భయమని ఈనాటికీ నేను ఒప్పుకోను.

తిరిగొచ్చిన ఆ వ్యాసం ఇస్త్రీపెట్టె గురించి. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల దగ్గర సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. మా ఇంట్లో వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు దవడను ఫేజు తీగ చుట్టూ మూసి చూపించాడు: 4.3. న్యూట్రల్ చుట్టూ మూశాడు: మళ్ళీ 4.3. రెండు తీగలనూ కలిపి ఆ దవడలోనే పెట్టగానే సున్నా. వెళ్ళేదీ వచ్చేదీ సమానం కనుక వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే రక్షణ స్విచ్చి) రాత్రింబవళ్ళు చేసే పని ఇదే. లోపమున్న గీజరు ముట్టుకున్న మనిషి గుండా కొంత కరెంటు నేలలోకి మళ్ళితే న్యూట్రల్‌లో తిరిగొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి అది సరఫరాను తెంచేస్తుంది. నువ్వు రాసినట్టు బల్బుల్లో ఎలక్ట్రాన్లు కరిగిపోతుంటే, దీపం వేసినప్పుడల్లా ఆ స్విచ్చి సరఫరా తెంచేయాలి.

కలంపేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ ఇప్పుడు మాట్లాడను. నువ్వు పేరెత్తిన జర్మన్ శాస్త్రవేత్త కిర్చాఫ్ సంగతి ముఖ్యం. ‘కిర్చాఫ్ నియమం వల్ల ఆవేశం నశించదు’ అన్నావు; వరస తలకిందులైంది. రుద్దడం వల్ల విద్యుత్తు పుట్టదని, ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుందని ఫ్రాంక్లిన్ 1747లోనే ఉత్తరాల్లో రాశాడు. ఫారడే 1843లో ఆవేశం ఎక్కించిన ఇత్తడి గుండును పట్టుదారంతో లోహపు బకెట్టులోకి దించాడు. గుండు లోపలి గోడను తాకి తన ఆవేశమంతా పోగొట్టుకున్నా బకెట్టు బయటి ఎలక్ట్రోస్కోపులో (ఆవేశాన్ని పసిగట్టే పరికరంలో) అప్పటికే విచ్చుకున్న రేకులు కదల్లేదు. కిర్చాఫ్ తన నియమాలను ప్రకటించింది 1845లో, 21 ఏళ్ళ విద్యార్థిగా. తీగలు కలిసే చోటికి వచ్చే కరెంటూ అక్కడి నుంచి పోయే కరెంటూ సమానమన్న ఆయన జంక్షన్ నియమం, ఆవేశం పుట్టదు, నశించదు అన్న ఆవేశ నిత్యత్వం నుంచి వస్తుంది, అదీ జంక్షన్‌లో ఆవేశం పోగుపడనంత వరకే. కెపాసిటర్‌లో మధ్య ఖాళీతో ఎదురెదురుగా రెండు లోహపు ప్లేట్లుంటాయి. వాటిలో ఒక్క ప్లేటునే విడిగా చూస్తే తీగలోంచి కరెంటు వస్తుంది, అవతలికి తీగ లేదు. కిర్చాఫ్ లెక్క అక్కడ తప్పుతుంది, ఆవేశం లెక్క తప్పదు. ఈ ప్లేటుపై చేరినంత ఆవేశమూ రెండో ప్లేటు నుంచి వెళ్ళిపోతుంది, మొత్తం మీద కెపాసిటర్ ఆవేశం సున్నాగానే ఉంటుంది. మధ్య ఖాళీలో మారే విద్యుత్ క్షేత్రాన్ని కూడా ఒక ప్రవాహంగా లెక్కలోకి తెచ్చినవాడు మాక్స్‌వెల్.

ఈ భాగాన్ని తిరిగి రాసేటప్పుడు ఒక ప్రయోగం చెయ్యి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 10 వోల్టులకు ఎక్కిస్తే దాని ఒక ప్లేటుపై 1 మిల్లీ కూలుంబు ధనావేశం, రెండోదానిపై అంతే రుణావేశం, మొత్తం 5 మిల్లీ జౌళ్ళ శక్తి ఉంటాయి. బ్యాటరీ తీసేసి, అలాంటిదే ఖాళీ కెపాసిటర్‌ను దానికి కలుపు. రెండూ 5 వోల్టులకు వస్తాయి. ఆవేశం సగం సగంగా పంచుకున్నా రెండు ధన ప్లేట్ల మీదా కలిపి మొత్తం అదే 1 మిల్లీ కూలుంబు. శక్తి మాత్రం 2.5 మిల్లీ జౌళ్ళే మిగులుతుంది. తీగ నిరోధం ఎంత తగ్గించినా ఆ సగం శక్తి వేడిగానో, రవ్వగానో, తరంగాలుగానో పోయి తీరుతుంది. మల్టీమీటరుతో నువ్వే కొలిచి రీడింగులు వ్యాసంలో పెట్టు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మీద రాసిన విలువకూ అసలు విలువకూ 20 శాతం దాకా తేడా ఉండవచ్చు, కనుక 5 బదులు 4.7 వస్తే దాన్ని 5గా దిద్దకు, 4.7 అనే రాసి, ఎందుకు వచ్చిందో కింద వివరించి పంపు.

ఆశీస్సులతో.