చందుర్తి యుద్ధం బల్లమీద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం 1758 డిసెంబరు నాటి చందుర్తి యుద్ధాన్ని మినియేచర్ సైనికులతో, పాచికలతో బల్లమీద తిరిగి ఆడుతున్నాం. ఇంగ్లీషువారి దళం ఎక్కడ దాగి ఉందో ఫ్రెంచి పక్షం ఆడేవారికి ముందే తెలుసు కనుక, వారు చిక్కుల్లో పడకుండా సంఖ్యాబలంతో ప్రతిసారీ గెలుస్తున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: ఇతర పాఠకుల కోసం ముందుగా సందర్భాన్ని క్లుప్తంగా చెబుతాను. ఫ్రెంచి సేనాని బుస్సీని, భారతదేశంలో ఫ్రెంచివారి అధిపతిగా ఉన్న లాలీ దక్షిణానికి పిలిపించుకున్న తరువాత ఉత్తర సర్కారుల్లోని ఫ్రెంచి సేనకు కాన్‌ఫ్లాన్స్ నాయకుడయ్యాడు. ఫ్రెంచివారిపై తిరగబడిన విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువారి సాయం కోరగా, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అధికారి క్లైవ్ బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద విశాఖపట్నానికి పంపాడు. మీ ఊరికి దగ్గరలోని చందుర్తి వద్ద తలపడినప్పుడు ఫోర్డ్ వెంట సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు ఉండగా, కాన్‌ఫ్లాన్స్ వద్ద సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు ఉన్నారు. ఏపుగా పెరిగిన చేను ఫోర్డ్ యూరోపియన్ దళాన్ని కనబడకుండా చేసింది. ఎడమ పక్కన ఎర్ర కోట్లతో నిలిచిన సిపాయిలనే యూరోపియన్లనుకొని ఫ్రెంచి దళం వారిపై పడి, చెదరగొట్టి, తరుముకుంటూ పోయింది. అప్పుడు చేను చాటు నుంచి బయటికి వచ్చిన దళం వారి పార్శ్వం మీద కాల్పులు జరపడంతో యుద్ధం తేలిపోయింది.

మీ ఆటగాళ్లకు చరిత్ర తెలిసి ఉండటం వల్ల నష్టమేమీ లేదు. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలిచారన్నది మాత్రం తెలియకూడదు. కనుక ఇంగ్లీషు పక్షం పదాతిని మూడు భాగాలు చేసి, బొమ్మలకు బదులు ఒకేలా ఉన్న మూడు ఎర్ర అట్టముక్కలు పెట్టండి. యూరోపియన్లు ఏ ముక్క కింద ఉన్నారో ఫోర్డ్ పాత్రధారి రహస్యంగా నిర్ణయించి అంపైర్‌కు మాత్రమే చెప్పాలి. ఫ్రెంచి దళం ఆరు అంగుళాల దూరానికి వచ్చేదాకా అట్ట తీయకూడదు.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఫ్రెంచివారిని ఓడించింది పొరపాటు ఒక్కటే కాదు. గెలిచామనుకొని వరుస తప్పి తరమడం, తమ ఫిరంగులకూ పక్కనున్న సిపాయిలకూ దూరమైపోవడం కూడా వారిని దెబ్బతీశాయి. అందుచేత శత్రువును చెదరగొట్టిన ప్రతి దళమూ ఆగడానికి పాచిక వేయాలనీ, విఫలమైతే తరుముతూ ముందుకు పోవాలనీ, ఆ స్థితిలో పార్శ్వం నుంచి కాల్పులు తగిలితే దాని మనోధైర్యాన్ని రెండింతలు కఠినంగా పరీక్షించాలనీ నియమం పెట్టండి. ఫ్రెంచి సిపాయిల రెండు పక్కలకూ ఆజ్ఞలు వేరువేరుగా అందాలి. ఈ రెండూ అమలైతే ఆరువేల మంది ఉన్నా అందరూ ఒకేసారి అక్కరకు రారు.

ప్రశ్న: మన నేలమీద మనవారు చనిపోయిన యుద్ధాన్ని ఆటగా మార్చడం తగునా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: శ్రద్ధతో ఆడితే తగునని నా అభిప్రాయం. ఒక బొమ్మ ఇరవై మందికి గుర్తు అనుకుంటే, ఫ్రెంచి పక్షంలో యూరోపియన్ల బొమ్మలు 25, సిపాయిల బొమ్మలు 300 కావాలి. వాటికి రంగులు వేసేవారికి ఈ యుద్ధంలో పోరాడినది ప్రధానంగా ఎవరో పుస్తకంలో చదివినదానికన్నా స్పష్టంగా తెలుస్తుంది. సిపాయిల ముఖాలకు, తలపాగలకు కూడా యూరోపియన్ల బొమ్మలకు పట్టినంత శ్రమ పట్టండి.

ప్రశ్న: మేము చూసిన నియమావళిలో విజయనగరం సైన్యాన్ని కదలని అలంకారంగా పెట్టారు. ఇది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: న్యాయం కాదు. చందుర్తిలో రాజుగారి సైన్యం వెనుకనే ఉండిపోయిందని చెప్పే వర్ణనలు కంపెనీ పక్షపువి. వాటిలో చులకన భావం కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఆ సైన్యం ముందుకు రాలేదన్నది నిజమే అయినా, అందుకు పిరికితనమే కారణమని ఆ మాటలను బట్టి తీర్మానించలేం. ఫ్రెంచివారిని వెళ్లగొట్టడం, తరువాత తన సంస్థానాన్ని కాపాడుకోవడానికి సైన్యం మిగిలి ఉండటం, ఈ రెండూ రాజుగారికి అవసరమే. పిఠాపురం మిత్రులు నలుగురు కనుక ఒకరు ఫోర్డ్, ఒకరు కాన్‌ఫ్లాన్స్, ఒకరు అంపైర్ కాగా, నాలుగవవారికి ఆనంద గజపతి పాత్ర ఇచ్చి, ఫోర్డ్‌తో సంబంధం లేని సొంత గెలుపు షరతు పెట్టవచ్చు: ఫ్రెంచివారు ఓడాలి, తన బలగంలో నాలుగింట మూడు వంతులు చెదరకుండా మిగలాలి. సాయం చేయమని ఫోర్డ్ అడిగినప్పుడల్లా ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ ఆటగాడే తేల్చుకోవాలి. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న మచిలీపట్నం కోటను ఫోర్డ్ రాత్రివేళ ముట్టడించినప్పుడు, రక్షకుల దృష్టి మళ్లించేందుకు కోట ద్వారం వైపు దాడి చేసే పనిని ఇదే రాజుగారి సైనికులకు అప్పగించారు. ఆ రాత్రిని కూడా ఆడదలిస్తే పైన చెప్పిన అట్టముక్కల పద్ధతే పనికివస్తుంది. అక్కడ రాజుగారి దళానికి కదలికలోనూ కాల్పులలోనూ సిపాయిలతో సమానమైన అంకెలే ఇవ్వండి.