తండా వార్డు సభ్యురాలికి తీర్మానాల పుస్తకం చూసే హక్కు లేదా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని తండా. ప్రత్యేక పంచాయతీ కాకపోవడంతో పక్క ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉంది. నేను ఆ వార్డు సభ్యురాలిని. తాగునీటి బోరు, వీధి దీపాల గురించి సమావేశంలో ఎన్నిసార్లు అడిగినా పుస్తకంలో రాయడం లేదు. పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టమంటారు. ఒకసారి నేను కూలికి వెళ్లినప్పుడు నా పేరున మా ఆయన చేత సంతకం పెట్టించారు. పుస్తకం చూపమంటే సర్పంచ్ ఒప్పుకోవాలని కార్యదర్శి అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీరు సర్పంచ్ దయతో కూర్చున్న మనిషి కారు. ఆయన ఊరి ఓట్లతో గెలిచినట్టే మీరు తండా ఓట్లతో గెలిచారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం పంచాయతీ నిర్ణయాలు సమావేశంలో సభ్యులు చర్చించి తీసుకోవలసినవి. ఇంటింటికీ తిరిగి సేకరించిన సంతకాలతో తీర్మానం పుట్టదు.

పుస్తకంలో సాధారణంగా ముందు హాజరు సంతకాలు, వాటి కింద తీర్మానాలు ఉంటాయి. హాజరు కోసం పెట్టిన సంతకమే తర్వాత కింద రాసిన ప్రతిదానికీ మీ ఆమోదంగా చలామణీ అవుతుంది. అందువల్ల సమావేశంలోనే, తీర్మానాలు చదివించుకున్న తర్వాతే సంతకం చేయండి. చివరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ జాగా ఉంటే అడ్డగీత కొట్టమనండి. ఒప్పుకోని అంశం ఉంటే 'ఈ తీర్మానానికి నేను అంగీకరించలేదు' అని రాసి, దాని కింద సంతకం, తేదీ వేయండి. మీ ప్రతిపాదనను నోటితో చెప్పి వదిలేయకుండా, సమావేశానికి ముందే కాగితం మీద కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. అడగలేదని రేపు ఎవరైనా అంటే చూపడానికి మీ చేతిలో ఉండేది ఆ నకలే.

బోరు విషయంలో ఒక మాట. మన జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది. మన పిల్లల ఎముకలు, పళ్లు దాని ఫలితాన్ని అనుభవించాయి. కాబట్టి బోరు కన్నా ముందు మిషన్ భగీరథ పైపులైన్ తండా చివరి ఇంటిదాకా పొడిగించాలని, బోరే వేస్తే నీటిని పరీక్షించాలని అడగండి. నిధులు లేవంటే ఆ మాటను కూడా పుస్తకంలో రాయించండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అడిగే హక్కు మీకుంది. పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉంటుంది కనుక ఆయననూ అడగండి.

పుస్తకం చూడటానికి సర్పంచ్ అనుమతి అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం సామాన్య పౌరుడు సైతం రికార్డును స్వయంగా తనిఖీ చేసి ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, ఆ గడువు ముగిసిన తర్వాత మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవాలి.

మీ భర్త సంతకం విషయం సున్నితమైనది. సభ్యురాలి బదులు భర్త హాజరు కావడానికి చట్టంలో చోటు లేదు. మీ పేరున ఇంకొకరు సంతకం చేయడం నేరారోపణకు దారితీయవచ్చు, అడిగి పెట్టించినవారు కూడా బాధ్యత నుంచి తప్పించుకోలేరు. ఆ రోజు మీరు హాజరు కాలేదని రాతపూర్వకంగా తెలపడం అవసరమే. అయితే ఆ కాగితం ఇచ్చే ముందు నల్గొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో న్యాయవాదిని కలవండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, షెడ్యూల్డ్ తెగల వారికి ఆ సాయం ఉచితం.

ఇంత చేసినా మీ ప్రతిపాదనను పుస్తకంలోకి ఎక్కించకపోతే, నకళ్లు జతచేసి ఎంపీడీఓకు, జిల్లా పంచాయతీ అధికారికి ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. సర్పంచ్ విధుల్లో తప్పు చేస్తే చర్య తీసుకునే అధికారాన్ని చట్టం కలెక్టరుకే ఇచ్చింది. అక్కడా కదలిక లేకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. దానికీ ఆధారం ఈ నకళ్లూ రసీదులే.