ర్యాంకు రాకముందే సీటుకు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని సాగు చేస్తున్నాను. మా పాప ఆరు నుంచి పది దాకా నెల్లూరులో, ఇంటర్ ఎంపీసీ విజయవాడ హాస్టల్లో ఉండి చదివింది. ఇంటర్‌లో మార్కులు బాగానే వచ్చాయి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు ఇంకా రాలేదు. కీ చూసుకుని తొంభై మార్కులు వస్తాయంటోంది. పొద్దస్తమానం ఫోన్లో ‘తొంభైకి ఎంత ర్యాంకు’ అని వెతకడమే, సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు. ఇంతలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, ఈ వారంలో 50 వేలు కడితే చెన్నై దగ్గర డీమ్డ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయం, తర్వాత దొరకదు అంటున్నారు. పాపకేమో మళ్లీ విజయవాడలోనే చదవాలని ఉంది. మేం బీసీ-డి, తెల్లకార్డు ఉంది. కట్టమంటారా?

జవాబు: వద్దండీ, కట్టకండి. కౌంటు ఎంతొచ్చిందో, అంటే కిలోకు ఎన్ని తూగాయో చూడకుండా మీరు రొయ్యకు రేటు ఒప్పుకోరు కదా, ఇదీ అంతే. పాప ర్యాంకు ఎంతో తెలియకుండా ఆమెకు ఏ సీటు తగినదో మీకూ తెలియదు, ఆ కన్సల్టెన్సీ వాళ్లకూ తెలియదు. వాళ్లు ‘ఈ వారమే’ అని తొందరపెడుతున్నది అందుకే. ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్‌లో మంచి కాలేజీ కనబడితే మీరు వాళ్ల ఫోను కూడా ఎత్తరు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు వస్తే మీలాంటి తెల్లకార్డు కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. కాలేజీ తనే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకు, పక్క రాష్ట్రం డీమ్డ్ యూనివర్సిటీకి అది రాదు. ఈ 50 వేలతో అయిపోదు, నాలుగేళ్ల ఫీజు, హాస్టలు మీ చేతి నుంచే పోవాలి. రొయ్యకు తెగులు తగిలిన ఏడాది కూడా ఆ ఫీజు ఆగదు. ఒకవేళ ఆ యూనివర్సిటీ మీకు నిజంగానే నచ్చితే, డబ్బు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, రసీదు తీసుకోండి. మధ్యవాళ్ల ఫోన్‌పేకు పైసా పంపొద్దు. చేరికల గడువుకు 15 రోజుల ముందే సీటు వదులుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు పోను కట్టిన ఫీజంతా వెనక్కి ఇవ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. కానీ కన్సల్టెన్సీకి ఇచ్చింది ఫీజు కిందికి రాదు. అది పోతే పోయినట్టే.

ఇక పాప లెక్క. ఈఏపీసెట్ 160 మార్కులకు. అయితే ర్యాంకు ఆ మార్కుల మీదే ఇవ్వరు. పరీక్ష చాలా పూటలు జరుగుతుంది కాబట్టి, ఒక పూట పేపరు కష్టంగా, ఇంకో పూటది తేలిగ్గా వచ్చిన తేడా పోవడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. దానికి 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ కలిపి ర్యాంకు వేస్తారు. అంటే తొంభై వచ్చిన ఇద్దరు పిల్లలకు ర్యాంకుల్లో వేల తేడా ఉండొచ్చు. ఫోన్లో కనబడే ఆ అంచనాలను నమ్మి ఏడవాల్సిన పనీ లేదు, మురిసిపోవాల్సిన పనీ లేదు. ఇంటర్‌లో బాగా తెచ్చుకుంది కాబట్టి ఆ పావు వంతు పాపకు కలిసొచ్చేదే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది విజయవాడ సంగతి. చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. మన రాష్ట్రంలో కాలేజీ సీట్లకు రెండు స్థానిక ప్రాంతాలున్నాయి. నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ (ఎస్వీయూ) ప్రాంతంలోకి వస్తుంది, పక్కనున్న ప్రకాశం, దాని అవతలి విజయవాడ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం పిల్లలకే. మిగతా 15 శాతం అందరికీ, అందులోనూ స్థానికులు పోటీ పడతారు. కావలి పిల్లకు ఒంగోలు కాలేజీ పక్క ఊరే అయినా అక్కడ ఆమె స్థానికేతర అభ్యర్థి.

మీ పాప ఇంటర్ విజయవాడలో చదివింది కాబట్టి అక్కడి లోకల్ అనుకుంటున్నారేమో. కాదు. ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లూ వరసగా ఒకే ప్రాంతంలో చదివి ఉంటే అక్కడి లోకల్. అలా లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. పాప అయిదేళ్లు నెల్లూరు, రెండేళ్లు విజయవాడ. కాబట్టి ఎస్వీయూ లోకల్. విజయవాడ కాలేజీలో నిరుడు మీ కేటగిరీలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకు పోయిందో చూసి, మాకూ వచ్చేస్తుందని ధీమా పడొద్దు. అది చాలావరకు అక్కడి లోకల్ పిల్లల ర్యాంకు. పాపకు అంతకంటే బాగా ముందు ర్యాంకు రావాలి.

ఇదే నియమం మీకు మేలు చేసే చోట్లు కూడా ఉన్నాయి, అవి మీ ఉత్తరంలో లేవు. తిరుపతి ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ, అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీ, రెండూ ప్రభుత్వానివే, రెండు చోట్లా పాప లోకల్. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కూడా ఉంది. ప్రైవేటులో చూస్తే 1979 నుంచి నడుస్తున్న విద్యానగర్ ఎన్‌బీకేఆర్ ఉంది, నెల్లూరు, గూడూరు కాలేజీలున్నాయి. పైగా ప్రతి కేటగిరీలోనూ మూడోవంతు సీట్లు ఆడపిల్లలవి. నిరుటి ఆఖరి ర్యాంకుల పట్టిక తీసి బీసీ-డి బాలికల వరస చూడండి, ఓసీ వరస చూసి గుండెలు బాదుకోవద్దు.

కంప్యూటర్ సైన్సే కావాలా అన్నదానిపై నా మాట: కొత్తగా సీట్లు పెంచుకుని, చెప్పేవాళ్లు లేని కాలేజీలో సీఎస్‌ఈ కంటే, పాత కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) నయం. కాలేజీ మొత్తానికి ఇచ్చే న్యాక్ గ్రేడు ఒక్కటే చూడకండి, మీకు కావలసిన బ్రాంచికి విడిగా ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని అడగండి. హోర్డింగు మీద ప్లేస్‌మెంట్ల అంకె చూసి మోసపోవద్దు, ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేసే కాలేజీలున్నాయి. ఒక మధ్యాహ్నం పాపను తీసుకెళ్లి, క్యాంటీన్ దగ్గర ఫైనలియర్ పిల్లలతో ఆమెనే మాట్లాడనివ్వండి. ల్యాబులో మెషీన్లు పనిచేస్తాయా, సబ్జెక్టు చెప్పే సార్లు ఏడాది మధ్యలో మానేస్తున్నారా అన్నది వాళ్లు దాచరు.

వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్లో వరసగా పెట్టేచోట ఒక్క మాట. పాప వంతు వచ్చినప్పుడు కంప్యూటరు ఆమె జాబితాను పైనుంచి కిందికి చూసి, మొదట ఏ సీటు ఖాళీగా కనబడితే అది ఇచ్చేస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అందుకని బాగా ఇష్టమైనవి పైన పెట్టండి, వస్తుందా రాదా అని జంకొద్దు. రాకపోతే కిందికి దిగుతుందే తప్ప నష్టమేమీ లేదు. తప్పకుండా వచ్చే కాలేజీని భయంకొద్దీ ఒకటో నంబరులో పెడితే అదే వస్తుంది, మంచిది చేజారుతుంది. మేమే ఆప్షన్లు పెడతామని కాలేజీల తరఫున తిరిగేవాళ్లకు పాస్‌వర్డు, ఓటీపీ చెప్పొద్దు. నెట్ సెంటర్లో పెట్టించినా మీ ఫోను నంబరే ఇవ్వండి.

ఈ రోజుల్లో మీరు చేయాల్సింది కాగితాల పని. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, టీసీ, మెమోలు. పదో తరగతి మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే సచివాలయానికి వెళ్లి ఏం చేయాలో కనుక్కోండి.

ర్యాంకు అనుకున్నంత రాకపోతే? నెల్లూరు డీకే మహిళా కాలేజీలో డిగ్రీ ఉంది, దానికి ఆన్‌లైన్లో విడిగా దరఖాస్తు చేయాలి. ఇంజినీరింగ్ కోసం మాత్రం ఇంకో ఏడాది కోచింగులో కూర్చోబెట్టమని నేను చెప్పను.

చివరగా పాపకు. అమ్మా, పరీక్ష రాయడంతో నీ వంతు అయిపోయింది, ఇప్పుడు కీ ఎన్నిసార్లు చూసినా ఒక్క మార్కు మారదు. నిరుటి ర్యాంకుల పట్టిక, ఒక నోటు పుస్తకం ముందేసుకుని కాలేజీల జాబితా నువ్వే రాయి. మీ నాన్న 50 వేలు ఎక్కడ తేవాలా అని ఆలోచిస్తున్నది నీమీద నమ్మకం లేక కాదు, నీకు సీటు లేకుండా పోతుందేమోనన్న భయంతో. నిద్ర పట్టక, మనసు మరీ కుంగినట్టుంటే ఇంట్లో వెంటనే చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, ఏ వేళప్పుడైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అయ్యా, మీరూ ఫలితాల రోజు దాకా చుట్టాలెవరినీ ‘ఎంతొస్తుందమ్మా’ అని పాపను అడగనివ్వకండి. ర్యాంకు వచ్చాక పాప రాసిన జాబితా ఉన్నదున్నట్టు నాకు పంపండి, ఆప్షన్ల వరస చూసి చెబుతాను.