సొంత ఫోటో వైద్యానికి పనికిరావాలంటే

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రతిపాదన పూర్తిగా చదివాను. ఎవరి ఒంటి మీది పుట్టుమచ్చలను వారే కొన్ని వారాలకొకసారి ఫోన్‌తో ఫోటో తీసుకుంటూ ఉంటే, పాత ఫోటోతో కొత్తదాన్ని పోల్చి, మార్పు కనిపించినప్పుడు చర్మ వైద్యుణ్ణి కలవమని చెప్పే యాప్ చేయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. అయితే అందులో ముప్పాతిక వంతు మెషీన్ లెర్నింగ్ గురించే ఉంది. ఫోటో ఎలా తీయించాలన్నదానికి ఒక్క పేరా దక్కింది. ఈ నిష్పత్తిని తిరగవేయమన్నదే నా ముఖ్యమైన సలహా. ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ పనిలో తల నెరిసినవాడిగా చెబుతున్నాను, రెండు ఫోటోలు పోల్చడానికి వీలుగా లేనప్పుడు వాటి మీద ఎంత తెలివైన ప్రోగ్రాం నడిపినా చేతికి వచ్చేది ఊహే.

సీటీ స్కాన్‌ను చూడు. 1971లో తొలి రోగి మెదడును స్కాన్ చేసిన ఆ యంత్రాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో కార్మాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. స్కాన్‌లో ఏ పదార్థం ఎక్స్‌రేలను ఎంత అడ్డుకుందో చెప్పే, ఆయన పేరుతో ఉన్న కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ మైనస్ 1000. అందువల్లనే ఒకచోట తీసిన స్కాన్‌ను మరొకచోట, మరో సంవత్సరం తీసిన స్కాన్‌తో పక్కపక్కన పెట్టి మాట్లాడగలుగుతున్నాం. ఫోన్ కెమెరాలో అటువంటి ఆధారం ఏదీ లేదు. అది ఫోటో అందంగా రావాలని తయారైన పరికరం: గదిలో పసుపు వెలుగు ఉంటే తెలుపును తానే సర్దుతుంది, చర్మాన్ని నునుపు చేస్తుంది, వెలుతురు చాలనప్పుడు వరుసగా తీసిన అనేక ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది, దగ్గరికి తెచ్చినప్పుడు చెప్పకుండానే మరో లెన్సుకు మారిపోతుంది. మనకు కావలసినది మచ్చ రంగు మారిందా లేదా అన్న సమాచారమైతే, కెమెరా మొదట చెరిపేది దాన్నే.

అంచుల సంగతీ అంతే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను అనుమానించడానికి వైద్యులు చూసే గుర్తులలో ఆకారం రెండు వైపులా సమానంగా లేకపోవడం, అంచులు గజిబిజిగా ఉండడం, రంగు ఒకేలా లేకపోవడం, వ్యాసం 6 మిల్లీమీటర్లు దాటడం, కాలక్రమంలో మార్పు రావడం ఉన్నాయి. 6 మిల్లీమీటర్ల గుండ్రని మచ్చను ఫోన్ 30 డిగ్రీలు వాల్చి తీస్తే ఒక దిశలో అది 5.2 మిల్లీమీటర్లుగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది. అంటే చెయ్యి కాస్త వంగినందుకే పరిమాణమూ ఆకారమూ రెండూ మారినట్టు నీ ప్రోగ్రాం చెబుతుంది. కాబట్టి మచ్చ పక్కనే పెట్టుకోవడానికి, తెలిసిన కొలత గల చతురస్రాలు, బూడిద రంగు గడి ఉన్న చిన్న కార్డును యాప్‌తోపాటు ఇవ్వాలి. చతురస్రం వంకరను బట్టి కోణాన్ని, గడి రంగును బట్టి వెలుతురును సరిచేయవచ్చు. పాత ఫోటోను తెరపై పలచగా చూపి, దానితో సరిపోయేదాకా ఫోటో తీయనివ్వకూడదు. మసకగా వస్తే అక్కడికక్కడే తిరస్కరించాలి.

ఇంకో చిక్కును నీ ప్రతిపాదన అసలు తలచుకోలేదు: తీసేవాడూ తీయించుకునేవాడూ ఒక్కడే. 1929లో ఫోర్స్‌మన్ అనే జర్మన్ వైద్యుడు తన చేతి సిర గుండా గుండె దాకా సన్నని గొట్టాన్ని తానే దూర్చుకుని, నడిచి ఎక్స్‌రే గదికి వెళ్లాడు. ఆ గొట్టం ఎక్కడికి చేరిందో తెరపై తాను చూసుకోవడానికి ఒక నర్సు అద్దం పట్టుకోవలసి వచ్చింది. 1956లో నోబెల్ పంచుకున్న ఆ సాహసికి వచ్చిన ఇబ్బందే భుజం వెనుక మచ్చను ఫోటో తీసుకునే నీ వాడుకరికీ వస్తుంది. వెనుక కెమెరా మంచిది, కాని దానితో తీస్తున్నప్పుడు తెర కనిపించదు. కనుక మచ్చ చట్రంలోకి వచ్చేదాకా 'కొంచెం పైకి', 'ఎడమకు', 'కదలకండి' అని ఫోన్ గొంతుతో చెప్పాలి, సరిగ్గా కుదిరినప్పుడు బొత్తాం నొక్కనక్కర లేకుండా తానే తీయాలి. నీ పథకంలో అసలైన ఆవిష్కరణ ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇవన్నీ అమర్చాక, ప్రోగ్రాంకు ఫోటోలతో శిక్షణ ఇవ్వడానికి ముందు ఒక పరీక్ష చెయ్యి. మారని మచ్చనొకదాన్ని ఎంచుకుని, ఒకే రోజున వేరువేరు గదుల్లో, వేరువేరు ఫోన్లతో, వేరువేరు మనుషుల చేత తీయించు. ఆ ఫోటోల మధ్య ప్రోగ్రాం చూపించే తేడా మొత్తం పొరపాటే కనుక, అంతకు మించిన మార్పును మాత్రమే మార్పుగా ప్రకటించాలి.

ప్రకటించే మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉదాహరణకు పదివేల మందిలో పది మందికే జబ్బు ఉందనుకో. జబ్బున్నవారిలో నూటికి 90 మందిని పట్టుకుని, లేనివారిలో నూటికి 95 మందిని సరిగ్గా వదిలేసే ప్రోగ్రాం కూడా తొమ్మిది మందిని నిజంగా గుర్తించి, దాదాపు అయిదు వందల మందిని ఊరికే భయపెడుతుంది. తప్పిపోయిన ఆ ఒక్కరికి 'ఏమీ లేదు' అని చెప్పడం అంతకంటే ప్రమాదం. యాప్ ఎన్నడూ ధైర్యం చెప్పకూడదు; ఏం మారిందో, ఎంత మారిందో చూపించి ఊరుకోవాలి. పైగా బహిరంగంగా దొరికే చర్మ చిత్రాల సేకరణల్లో తెల్లని చర్మాలే ఎక్కువ. ముదురు చర్మం వారిలో మెలనోమా వచ్చినప్పుడు తరచు అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద కనిపిస్తుంది కనుక ఆ చోట్లను కూడా తీయమని యాప్ గుర్తు చేయాలి.

భద్రపరిచే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రతి ఫోటోతోపాటు తేదీ, ఫోన్ మోడల్, ప్రోగ్రాం వెర్షన్ నమోదు కావాలి. లేకపోతే మారింది మచ్చో సాఫ్ట్‌వేరో తర్వాత తేల్చలేవు. కుదింపు లేని అసలు ఫైలును ఉంచు, ఎందుకంటే ఫోటోలను కుదించి దాచే జేపెగ్ పద్ధతి బొమ్మను 8x8 చుక్కల గడులుగా విడగొట్టి సూక్ష్మ వివరాలను పారేస్తుంది. ఫైలులో దాగి ఉండే స్థలం వివరాలను తీసెయ్యి. ఒంటి ఫోటోలు ఫోన్ గ్యాలరీలోకి వెళ్లి, అక్కడి నుంచి క్లౌడ్‌కు వాటంతట అవే చేరకుండా చూడు.

పేటెంటు గురించి అడిగావు. కంప్యూటర్ ప్రోగ్రామును ప్రోగ్రాముగానే, మనిషి శరీరంపై చేసే రోగనిర్ధారణ పద్ధతిని పద్ధతిగానే కోరితే ఐరోపాలో పేటెంటు ఇవ్వరు. అందుకే జబ్బును పసిగట్టే భాగం కంటే, కార్డు, గొంతు సూచనలు, తానే ఫోటో తీయడం కలిసిన సాంకేతిక ఏర్పాటును ముందు పెట్టి రాయించడం మేలు. బహిరంగంగా చూపిన తర్వాత దరఖాస్తు చేసుకోవడానికి అమెరికా ఏడాది గడువు ఇస్తుంది కాని, ఐరోపాలో అలా చూపించడంతోనే కొత్తదనం పోతుంది. మొదటి దరఖాస్తు వేశాక, పేటెంట్ల వంటి హక్కులపై దేశాల మధ్య ఉన్న పారిస్ ఒప్పందం ప్రకారం పన్నెండు నెలల్లోగా మిగతా సభ్య దేశాలలో అదే తేదీతో హక్కు కోరవచ్చు. నువ్వు వచ్చే నెల ప్రదర్శనలో యాప్‌ను అందరికీ చూపిస్తానన్నావు. దరఖాస్తు అందిన రసీదు చేతికి వచ్చేదాకా దాన్ని వాయిదా వెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న