హామ్ ఎముక సూప్‌లో గింజ ఉడకలేదేం?

ప్రశ్న: క్రిస్మస్ విందు అయ్యాక పక్కింటావిడ మిగిలిన హామ్ ఎముక ఇచ్చారు. తెల్ల బీన్స్, టమాటాలు, ఉప్పు కలిపి మూడు గంటలు ఉడికించాను. గింజ మెత్తబడలేదు, సూప్ ఉప్పు కషాయం. తప్పెక్కడండీ?
– ఓ పాఠకురాలు, ఒహాయో

జవాబు: టమాటా ముందే వేశారు, అదేనమ్మా! పులుపు తగిలితే గింజ ఓ పట్టాన మెత్తబడదు. మనం కందిపప్పు ఉడికాకే చింతపండు పులుసు పోస్తాం కదా, ఇదీ అంతే. ఇక హామ్ అంటేనే ఉప్పులో ఊరిన పంది తొడ. తెలియక నేనూ మొదటిసారి చెంచాడు ఉప్పు వేసి, మా ఆయన చేత చెంబెడు నీళ్లు తాగించాను.

ఈసారి అరకిలో నేవీ బీన్స్ (చిన్న తెల్ల బీన్స్) రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. ఎముక, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు వేసి, రెండున్నర లీటర్ల నీళ్లతో సన్నసెగ మీద రెండు గంటలు ఉంచండి. ఎముకనున్న మాంసం విడదీసి మళ్లీ అందులోనే వేయండి. నాలుగు గరిటెల గింజలు మెదిపితే చిక్కదనం అదే వస్తుంది. వాషింగ్టన్‌లో సెనేట్ సభ్యులు తినే పేరున్న బీన్ సూప్‌లోనూ నేవీ బీన్స్, హామ్, ఉల్లిపాయే, టమాటా ఉండదు. టమాటా లేకపోతే తోచదంటారా, గింజ మెత్తబడ్డాక వేసుకోండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే. అన్నట్టు, ఆ బీన్స్ ప్యాకెట్ ఎప్పటిది? ఏళ్ల తరబడి అల్మారాలో ఉన్నదైతే పడేయండి.