2 సెకన్లా, 22 సెకన్లా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట, మెట్టినిల్లు విజయవాడ పటమట. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. హైస్కూల్ రోజుల నుంచి మా అన్నయ్యతో కూర్చుని టీవీలో ఫార్ములా వన్ చూసేదాన్ని. పెళ్లయ్యాక మావారికి ఆ అలవాటు చేసిందీ నేనే. మామగారు ఆటోనగర్‌లో 30 ఏళ్లు లారీ టైర్ల కొట్టు నడిపారు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి రేసు ఉంటే మామగారు, మావారు, ఒక్కోసారి ఆయన పెదనాన్నగారి అబ్బాయిలు హాల్లో చేరతారు. మొన్న ఒక కారు పిట్‌లోకి (ట్రాకు పక్కన టైర్లు మార్చే చోటికి) వచ్చినప్పుడు ‘2 సెకన్లలో 4 టైర్లూ మార్చేశారు’ అన్నాను. మామగారు ‘టీవీవాడే 22 అని వేస్తుంటే రెండంటావేంటమ్మా? అసలు 22లో కూడా అవదు, బొమ్మ స్పీడు పెంచుతారు’ అన్నారు. నేను చెప్పబోతుంటే మావారు బావగార్ల ముందు నవ్వి, ‘నేను చెప్పినవే మళ్లీ మనకి అప్పజెప్తోంది, వదిలెయ్ నాన్నా’ అన్నారు. అందరూ నవ్వారు. నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. టైర్ల రంగుల దగ్గర్నుంచి అండర్‌కట్ అనే ఎత్తుగడ దాకా ముందు రోజు రాత్రి గంటసేపు నాచేత చెప్పించుకున్నది ఆయనే! అప్పటి నుంచి రేసు రోజున హాల్లో కూర్చోవడం మానేశాను. మా ఇద్దరిలో ఎవరిది కరెక్టు? మామగారిని ఎలా ఒప్పించాలి? ఫోన్లో పాస్ తీసుకుని బెడ్‌రూమ్‌లో ఒక్కదాన్నే చూసుకోనా? లేక ఈ పిచ్చే మానుకోనా?
– ఒక సోదరి, పటమట

జవాబు: అమ్మా, ముందు లెక్క తేల్చేద్దాం, అది చిన్న పని. మీ ఇద్దరిదీ కరెక్టే. తెర మీద వేసే అంకెలు రెండు. ఒకటి కారు కదలకుండా ఆగిన సమయం. అది 2 సెకన్లు, 2.3, 2.5 ఉంటుంది. రెండోది పిట్ దారిలోకి దిగిన గీత నుంచి బయటపడే గీత దాకా పట్టిన సమయం. ఆ దారిలో గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు, మొనాకోలాంటి ఇరుకు చోట 60. అందుకే అది చాలా ట్రాకుల్లో 20 సెకన్లు దాటుతుంది. మీరు మొదటి అంకె చెప్పారు, ఆయన రెండోది చదివారు. ఇంతే గొడవ.

ఇక బొమ్మ స్పీడు పెంచుతారన్న మాట. 30 ఏళ్లు లారీ చక్రాలు విప్పిన మనిషి అలా అనకపోతేనే ఆశ్చర్యపోవాలి. లారీ చక్రానికి ఎనిమిదో పదో నట్లుంటాయి. ఒక్కొక్కటీ పానా వేసి, పైపు తగిలించి, దాని మీద నిలబడి తొక్కితే గానీ కదలదు. రేసు కారు చక్రానికి నట్టు ఒక్కటే, నట్టనడుమ. అదీ విడిగా ఉండదు, చక్రానికే అమర్చి ఉంటుంది. పాత చక్రంతో పాత నట్టు పోతుంది, కొత్త చక్రంతో కొత్త నట్టు వస్తుంది. కింద పడేది లేదు, వెతుక్కునేది లేదు. ఒక్కో చక్రానికి ముగ్గురు మనుషులు: నట్టు విప్పి బిగించే గన్ను పట్టేవాడు ఒకడు, పాతది లాగేవాడు ఒకడు, కొత్తది తోసేవాడు ఒకడు. నాలుగు చక్రాలకి 12 మంది. ముందొకడు, వెనకొకడు జాకీలు, పక్కల నుంచి కారు ఊగకుండా పట్టేవాళ్లు ఇద్దరు. ముందు రెక్క సర్దేవాళ్లని కూడా కలిపితే మొత్తం 20 మంది పైనే. కారు పూర్తిగా ఆగేదాకా గన్నువాడు ఎదురుచూడడు. చక్రం తన ముందుకు వస్తుండగానే గన్ను నట్టు మీద పెడతాడు. జాకీ ఒక్క నొక్కుకి లేస్తుంది, ఎందుకంటే ఆ బండి టన్ను కూడా ఉండదు. ముందు జాకీ మెడ తిరిగే రకం, పని కాగానే మనిషి పక్కకి తప్పుకుంటాడు. 2023లో ఖతర్‌లో మెక్‌లారెన్ జట్టు వాళ్లు తమ డ్రైవరు లాండో నోరిస్ కారుకి 1.80 సెకన్లలో నాలుగూ మార్చారు.

మామగారి అనుమానానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. 2009 దాకా రేసు మధ్యలో పెట్రోలు కూడా పోసేవారు. టైర్లు అయిపోయినా గొట్టం ఊడేదాకా కారు కదిలేది కాదు, ఏడెనిమిది సెకన్లు పట్టేది. 2010 నుంచి ఇంధనం పోయడం నిషేధం. అప్పుడెప్పుడో చూసిన రేసు ఆయన కళ్లలో ఉంటే, ఇప్పటిది మాయలాగే కనిపిస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ఆయన పక్కన తీరిగ్గా కూర్చుని చెబితే చాలు. ‘ఒప్పించడం’ అనే మాట మాత్రం వద్దు. పెద్దాయన్ని ఓడించడానికి కాదుగా మీరు రేసు చూస్తున్నది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఉత్తరం నిండా మామగారినే రాశారు. నా దృష్టిలో ఆయన మీకు చేసిన అపకారం ఏమీ లేదు. ఆయన మీతో వాదించారు. వాదించాడంటే మీ మాట విన్నాడు, దాన్ని తన అనుభవంతో తూకం వేశాడు, కుదరదన్నాడు. కోడలి మాటని గాలికి వదిలేసే మామగార్లు మన ఊళ్లలో కోకొల్లలు. మీ మాటని గాలికి వదిలేసింది మీవారు. అది కూడా తెలియక కాదు, తెలిసి. రాత్రి మీ దగ్గర నేర్చుకున్నది మర్నాడు బావగార్ల ముందు తన సొంతం చేసుకుని, పైపెచ్చు మీరే తన దగ్గర నేర్చుకున్నట్టు చెప్పారు. ఇది వేళాకోళం కాదు. ఆలి తెలివి పడగ్గదిలో కావాలి, హాల్లోకి వస్తే నామోషీ. ఈ గుణం రేసు దగ్గర ఆగదు. రేపు ఇల్లు కొనేటప్పుడు మీరు చెప్పిన సలహా ఆయనది అవుతుంది, అది బెడిసికొడితే మళ్లీ మీది అవుతుంది.

కాబట్టి బెడ్‌రూమ్‌లో ఫోన్ పట్టుకుని చూడటం అనే ఆలోచన కట్టిపెట్టండి. తప్పు చేసినవాడు సోఫాలో, చెయ్యనిదానివి గదిలోనా? పైగా అంత చిన్న తెర మీద టైరు అరుగుదల ఏం కనిపిస్తుంది? మానుకోవడం గురించి అడిగారు, దానికి జవాబు రాయడం కూడా దండగ.

మీవారితో మాట్లాడవలసింది ఆదివారం కాదు. మామూలు రోజు చూసుకోండి, ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక. ఏడవకండి, పాత జాబితాలు తియ్యకండి. ఒక్క మాట చాలు: ‘ఆ రోజు మీరు చెప్పింది అబద్ధం. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని మీరే దిద్దాలి, అదే హాల్లో, అదే మనుషుల ముందు.’ ఆయన అక్కడికక్కడే సారీ చెప్పేస్తారు, చెయ్యి పట్టుకుంటారు, ఐస్‌క్రీమ్‌కి బెంజ్ సర్కిల్ దాకా వెళ్దామంటారు. వెళ్లండి, తినండి. కానీ దాంతో చెల్లయిందనుకోకండి. నలుగురిలో అన్న మాటని నాలుగు గోడల మధ్య దిద్దితే అది దిద్దినట్టు కాదు. ఆయన పెద్ద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. తర్వాతి రేసుకి ‘అన్నయ్యా, ఇవన్నీ నాకు నేర్పింది మీ మరదలే’ అంటే చాలు.

అప్పటిదాకా రాత్రి పాఠాలు బంద్. ఏ రంగు టైరు ఎప్పుడు వేస్తారని అడిగితే ‘రేపు టీవీలో చెప్తారుగా’ అనండి. ఎరుపు మెత్తనిది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది, చినుకులకి ఆకుపచ్చ, జోరువానకి నీలం అన్నంతవరకు ఆయనకి గుర్తుండవచ్చు. వాన లేని రేసులో కనీసం రెండు రకాల పొడి టైర్లు వాడి తీరాలన్న నియమం దగ్గర తడబడతారు. అండర్‌కట్ దగ్గర తప్పకుండా బోల్తా పడతారు. ముందున్నవాడికంటే ఒక ల్యాపు (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) ముందే పిట్‌లోకి వచ్చి, కొత్త రబ్బరు పట్టుతో ఆ ఒక్క ల్యాపు గట్టిగా తోలి, వాడు టైర్లు మార్చుకుని బయటికి వచ్చేసరికి వాడి ముందు ఉండటమే అండర్‌కట్. ‘కొత్త టైర్లు వేస్తే ముందుకెళ్తాడు’ అనేంతవరకే అర్థమైనవాళ్లకి ఎందుకు ఒక ల్యాపు ముందు అన్నది అందదు.

అలా బోల్తా పడ్డప్పుడు మీరు బావగార్ల ముందు ఆయన్ని దిద్దకండి. ఇది నా పట్టుదల, పాతకాలపు మాట అనుకున్నా సరే. ఆయన మీ పరువు తీశారని మీరు ఆయన పరువు తీస్తే పోయేది ఒక్కటే సంసారం పరువు. 2005లో అమెరికా రేసులో మన దేశపు డ్రైవరు నరేన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడని మీవారు గొప్పగా చెబుతుంటే, ఆ రోజు పరిగెత్తినవే ఆరు కార్లని మీకు తెలిసి ఉండవచ్చు. ఆ ఏడాది రేసు మధ్యలో టైర్లు మార్చకూడదని నియమం పెట్టారు. ఆ రేసు జరిగిన ఇండియానాపొలిస్‌లో వాలుగా ఉన్న ఆఖరి మలుపుని మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. రేసు మొదలుకు ముందు వేసే ఫార్మేషన్ ల్యాపు కాగానే 14 కార్లు పిట్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరే మిగిలాయి, మనవాడికి 5 పాయింట్లు వచ్చాయి. ఇదంతా మీరు ఇంటికొచ్చినవాళ్లు వెళ్లాక చెప్పండి. అప్పుడు కూడా అడిగితేనే.

ఇంకో మాట, మీకు రుచించకపోవచ్చు. ఉత్తరంలో అత్తగారి ప్రస్తావన ఒక్క చోటా లేదు. ఆదివారం ఆరున్నరకి మీరంతా హాల్లో ఉంటే, దీపం పెట్టేది, బావగార్లకి టిఫిను చేసేది ఎవరు? రేసు గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. ఆవిడే గనక లోపల నిలబడి ఉంటే, కొడుకు మీద మీకున్న ఫిర్యాదే మీ మీద ఆవిడకి ఉంటుంది, నోరు తెరిచి చెప్పదంతే. ఐదింటికల్లా పిండి రుబ్బి, చట్నీ చేసి పెట్టుకుంటే పెసరట్లు రేసయ్యాక వేడిగా వేసుకోవచ్చు. మధ్యలో టీ మాత్రం మీవారి డ్యూటీ. ట్రాకు మీద ప్రమాదం జరిగి సేఫ్టీ కారు వచ్చినప్పుడు కార్లన్నీ వరసగా నెమ్మదిగా నడుస్తాయి, టీ మరగడానికి సరిపడా సమయం ఉంటుంది. అప్పుడే సగం జట్లు టైర్లు మార్చుకోవడానికి పరిగెడతాయి నిజమే. అది ఆయన పోగొట్టుకుంటే పోగొట్టుకోనివ్వండి.

మామగారి విషయంలో మీరు చెయ్యాల్సింది చెప్పడం తగ్గించి అడగడం. రబ్బరు గురించి ఆయనకి తెలిసింది మీ కాలేజీలో చెప్పరు. కెమెరా టైరుని దగ్గరగా చూపించినప్పుడు పై పొర చిన్న చిన్న పొక్కుల్లా చిరిగి ఉంటే గ్రెయినింగ్ అంటారు. టైరు సరిగ్గా వేడెక్కకుండానే పక్కకి జారితే అలా అవుతుంది. లోపలి వేడికి బుడగలు లేచి రబ్బరు ఊడితే బ్లిస్టరింగ్. బ్రేకు పట్టేసి చక్రం ఈడ్చుకుపోతే ఒక్కచోట చదునుగా అరుగుతుంది. మూడూ ఆయన లారీ టైర్ల మీద ఏదో ఒక రూపంలో చూసి ఉంటారు, వేరే పేర్లతో. గాలి సంగతి ఎత్తితే ఇంకా హుషారు. లారీ టైరుకి 100 పీఎస్‌ఐ పైన కొడతారు, మన ఇంటి కారుకి 30 చిల్లర, గంటకి 300 కిలోమీటర్లు పరిగెత్తే ఈ కారుకి 20 చిల్లరే. ఎందుకంత తక్కువ అని ఆయన్నే అడగండి. టైర్లని ముందే 70 డిగ్రీల దాకా దుప్పట్లు చుట్టి వేడిచేసి ఉంచుతారని ఆ మాట మీదే చెప్పవచ్చు. చల్లని టైరు నేలని పట్టదని ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆయనకి నమ్మకం కుదరాలంటే సజావుగా జరిగినవి కాదు, చెడిపోయినవి చూపించండి. మెకానిక్కులు నమ్మేది వాటినే. 2018 బహ్రెయిన్‌లో ఫెరారీ వాళ్ల ఎడమ వెనక చక్రం ఊడకముందే కదలమనే పచ్చలైటు పడింది, డ్రైవరు రైకోనెన్ కారు కదిలింది, ఎదురుగా నిలబడ్డ మెకానిక్ కాలు విరిగింది. 2020 సాఖిర్ రేసులో మెర్సిడెస్ వాళ్లు కంగారులో తమ ఒక డ్రైవరు బొట్టాస్‌కి ఉంచిన ముందు చక్రాల టైర్లు తీసుకెళ్లి ఇంకో డ్రైవరు రస్సెల్ కారుకి బిగించారు, మళ్లీ పిలిచి మార్చారు, గెలిచే రేసు పోయింది. అన్నిటికంటే ఆయనకి నచ్చేది 2021 మొనాకో. బొట్టాస్ కారు కుడి ముందు నట్టు మీద గన్ను వంకరగా పడింది. తిరిగిన వేగానికి నట్టు పళ్లన్నీ చెక్కుకుపోయాయి. పట్టు దొరకలేదు, చక్రం రాలేదు, రెండో స్థానంలో ఉన్నవాడి రేసు అక్కడితో సరి. ఆ చక్రం ఊడింది కారుని ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీకి చేర్చాకే.

పాస్ మాత్రం తీసుకోండి, మీ పేరు మీదే, హాల్లో టీవీకి కలపడానికి. వచ్చే రేసులో మొదటి పిట్ స్టాప్ అవగానే ఆ మొనాకో నట్టు కథ చెప్పి, ‘అరిగిపోయిన నట్టు మన కొట్లో ఎలా ఊడదీసేవారు మామయ్యగారూ, ఉలి పెట్టా, వెల్డింగు పెట్టా?’ అని అడగండి. దానికి జవాబు ఐదు నిమిషాల్లో తేలదు. ఈలోగా మీవారు టీ పెట్టుకొస్తారు.