మా రాయచోటిలో ముప్పై ఏళ్లుగా పరారీలో ఉన్న నిందితుడా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది రాయచోటి, ఉద్యోగం చెన్నైలో. పోయిన 2025 జులైలో బాంబు పేలుళ్ల కేసుల్లో ముప్పై ఏళ్లుగా పరారీలో ఉన్న అబూబకర్ సిద్దిఖీని తమిళనాడు పోలీసులు మా ఊర్లో పట్టుకున్నారని వార్త వచ్చింది కదా, అప్పట్నుంచి ఆఫీసులో నన్ను చూసి అదోలా మాట్లాడుతున్నారు. మా ఊరివాడే నా ఫ్రెండ్ ఒకడు, ముస్లిం, వాడికి పెరంబూర్‌లో అడ్వాన్స్ తీసుకున్న ఓనర్ ఇల్లు ఇవ్వనన్నాడు. అసలు ఇన్నేళ్లు ఎట్లా దాక్కున్నాడక్కా? ఇప్పుడు కేసు నిలుస్తుందా?

జవాబు: తమ్ముడూ, చదవగానే మీ ఫ్రెండ్ గురించే మనసు పాడైంది. అబూబకర్‌ది తమిళనాడులోని నాగూర్. 1995లో చెన్నై చింతాద్రిపేటలో హిందూ మున్నణి అనే హిందూ సంస్థ ఆఫీసు పేలుడు, 2011లో బీజేపీ నేత అద్వానీ వెళ్లే దారిలో పైప్ బాంబు, 2013 బెంగళూరు మల్లేశ్వరం పేలుడు, ఇవన్నీ అతని మీదున్న ఆరోపణలు, తేల్చాల్సింది కోర్టు. వేరే పేరుతో బట్టల వ్యాపారం చేసుకుంటూ ఉన్నాడని పోలీసులు చెప్పారు. ఆలోచించండి, 1995లో ఆధార్ ఎక్కడిది, అది మొదలైందే 2010లో, మనిషి వచ్చి నా పేరు ఫలానా అంటే వీధిలో అదే పేరు, రేషన్ కార్డులో అదే పేరు. స్టేషన్ గోడ మీద అంటించిన పాత ఫోటోలు చూశారుగా, నల్లటి జుట్టు, మీసం, జెరాక్స్ మీద జెరాక్స్ తీసి కళ్లు కూడా మసకబారి ఉంటాయి, అది పట్టుకుని అరవై ఏళ్ల మనిషిని పక్కింటోళ్లు ఏం గుర్తుపడతారు? ఊరినెట్లా అంటారండీ!

ఇంత పెద్ద కేసుకి కాలదోషం ఉండదు, అంటే ఇన్నేళ్లు దాటిపోయాయి కాబట్టి చెల్లదు అనడానికి లేదు. పరారీలో ఉన్నోళ్ల కేసు విడదీసి మిగతావాళ్ల మీద విచారణ నడుపుతారు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 299 సెక్షన్ ప్రకారం, నిందితుడు పరారీలో ఉండగా రికార్డు చేసిన సాక్ష్యం, ఆ సాక్షి చనిపోతేనో దొరక్కపోతేనో ఆ తర్వాత వాడుకోవచ్చు. 2024 జులై నుంచి అయితే, దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 356 సెక్షన్ కింద ప్రకటిత నేరస్తుడు (పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించినవాడు) లేకుండానే విచారణ కూడా చేయొచ్చు. కానీ ముప్పై ఏళ్ల కింద చూసిన మొహాన్ని ఇప్పుడు కోర్టులో గుర్తుపట్టి చెప్పే సాక్షులు దొరకడం కష్టం, నాకు అదే బెంగ, పాపం అప్పుడు దెబ్బతిన్న కుటుంబాలు ఇంకా ఎదురుచూస్తున్నాయి.

ఇక ఆ ఓనర్‌కి భయముంటే అద్దెకొచ్చే ప్రతి ఒక్కరి ఆధార్ కాపీ, ఫోటో తీసుకుని స్టేషన్లో వివరాలివ్వమనండి, కులం మతం చూడకుండా అందరికీ. అప్పటికీ ఇవ్వనంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి అడగండి, మీ ఫ్రెండ్ ఒక్కడే వెళ్తే నలుగుతాడు, మీరూ పక్కనుండండి.